కాబూల్‌లో యుద్ధం, కర్నూలులో కూలిన గద్దె
(పఠాన్ల దారి: ధారావాహిక, 7వ భాగం)

పోయిన భాగాన్ని 1779లో సిద్ధవటం కోట దగ్గర ఆపాను. కడప నవాబు అబ్దుల్ హలీం ఖాన్‌ను హైదర్ అలీ శ్రీరంగపట్నం తరలించాడు. కడపలో మియానా పఠాన్ల పాలన అంతటితో సరి. కర్నూలులో పన్నీ పఠాన్ల గద్దె మాత్రం ఇంకో అరవై ఏళ్ళు నిలిచింది. నిజాం పైపెత్తనం పోయినా, టిప్పు పోయినా, దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చినా కర్నూలు నవాబు ఏటా లక్ష రూపాయల పేష్కష్ కట్టి తన కోటలో తాను ఉన్నాడు. ఆ గద్దె 1839 అక్టోబరులో కూలింది. ఎందుకు కూలిందని వెతుకుతూ పోతే కర్నూలులో ఆగలేం. ఒక కొస నెల్లూరులో తేలుతుంది, ఇంకో కొస కాబూల్‌లో.

నెల్లూరు కొసనే ముందు పట్టుకుందాం. మద్రాసు నుంచి ఉత్తరానికి పోయే పాత రాజమార్గం సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు మీదుగా నెల్లూరు చేరేది. అప్పటికి రైలూ లేదు, తంతీ లేదు. నెల్లూరు కచేరీలో రాసిన కాగితం సెయింట్ జార్జి కోటలో గవర్నరు బల్ల మీదికి చేరాలంటే తపాలా బంట్లు స్వర్ణముఖి దాటి ఈ దారినే పోవాలి. 1838–39 నాటి తపాలాలో ఒక మామూలు కాని సమాచారం ఉంది. నెల్లూరు మేజిస్ట్రేటు స్టోన్‌హౌస్ పంపిన సమాచారం అది. జిల్లాలో కొందరు మౌల్వీలు తిరుగుతున్నారు, కంపెనీ మీద తిరగబడమని రహస్యంగా బోధిస్తున్నారు, వాళ్ళ వెనక హైదరాబాదులో పెద్దవాళ్ళున్నారు. సారాంశం ఇదీ.

ఆ పెద్దవాళ్ళలో ముఖ్యుడు ముబారిజుద్దౌలా. అప్పటి నిజాం నాసిరుద్దౌలాకు స్వయానా తమ్ముడు. రాయ్‌బరేలీకి చెందిన సయ్యద్ అహ్మద్ మొదలుపెట్టిన ఉద్యమంలో చేరినవాడు. కంపెనీవాళ్ళు ఆ ఉద్యమానికి పెట్టిన పేరు వహాబీ. సయ్యద్ అహ్మద్ 1826లో కాందహార్, కాబూల్ మీదుగా పెషావర్ చేరి, పఠాన్ తెగల నడుమ నిలబడి రంజిత్ సింగ్ సేనలతో పోరాడి, 1831 మే నెలలో బాలాకోట్ దగ్గర చనిపోయాడు. ఆయన శిష్యుడు విలాయత్ అలీ అప్పటికే హైదరాబాదు వచ్చి బోధిస్తున్నాడు. ఆ బోధ విన్నవాళ్ళలో నిజాం తమ్ముడూ ఉన్నాడు. అంటే కాబూల్ దారుల్లో పుట్టిన ఒక ఆవేశం గోల్కొండ మీదుగా నెల్లూరు దాకా నడిచి వచ్చిందన్నమాట.

ఇంకో సమయంలో అయితే ఈ సమాచారానికి ఇంత విలువ వచ్చేది కాదనే నా నమ్మకం. ఊళ్ళలో ఫకీర్లూ మౌల్వీలూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటారు, కచేరీలు వింటూనే ఉంటాయి. కానీ ఆ ఏడాది కంపెనీకి కంటిమీద కునుకు లేదు. ఎందుకంటే దాని పెద్ద దండు ఒకటి సింధునది దాటి అఫ్గాన్ కొండల్లోకి పోతోంది.

1838 అక్టోబరు 1న సిమ్లాలో గవర్నర్ జనరల్ ఆక్లండ్ ఒక ప్రకటన చేశాడు. కాబూల్ అమీరు దోస్త్ మహమ్మద్‌ను దించి, ముప్పై ఏళ్ళ కిందట గద్దె పోగొట్టుకుని లూధియానాలో కంపెనీ పింఛను తింటున్న షా షుజాను మళ్ళీ కూర్చోబెడతామని దాని తాత్పర్యం. అసలు భయం రష్యా. పర్షియా సేన హెరాత్‌ను ముట్టడించింది, రష్యా దూత కాబూల్‌లో కనిపించాడు. దోస్త్ మహమ్మద్ నిజానికి కంపెనీతో స్నేహమే కోరాడు. సిక్కులు 1834లో పట్టుకున్న పెషావర్ తనకు ఇప్పించమన్నాడు. రంజిత్ సింగ్‌ను నొప్పించడం ఇష్టం లేక కంపెనీ ఆ మాట వినలేదు. ప్రకటన బయటికి వచ్చే లోపే పర్షియా సేన హెరాత్ వదిలి వెనుదిరిగింది. అంటే యుద్ధానికి చెప్పుకున్న కారణం యుద్ధం మొదలవక ముందే పోయింది. అయినా దండు కదిలింది. బెంగాల్ వైపు నుంచి సుమారు 9,500 మంది సైనికులు, వాళ్ళ వెంట వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, గడ్డి కోసేవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు కలిపి 38,000 మంది, 30,000 ఒంటెలు. బొంబాయి దండు వేరే. 1839 ఏప్రిల్‌లో కాందహార్, జూలై 23న గజనీ పడ్డాయి. ఆగస్టు 7న షా షుజా కాబూల్‌లోకి ఊరేగింపుగా వచ్చాడు. వీధుల్లో జనం నిలబడి చూశారు గానీ జేజేలు కొట్టలేదు.

కాబూల్ జనం అంతకుముందు ఎలా బతికేవారో చెప్పకపోతే యుద్ధం ఏం పాడు చేసిందో తెలియదు. కాబూల్ అప్పట్లో తోటల పట్నం. ఉత్తరాన కోహిస్తాన్‌లో ద్రాక్ష, మల్బరీ, ఆప్రికాట్ తోటలు. అక్కడి ఇస్తాలిఫ్ ఊరి కుమ్మరుల నీలిరంగు పాత్రలకు పేరు. నగరం నడుమ చార్ చత్తా బజారు. షాజహాన్ కాలంలో అలీ మర్దాన్ ఖాన్ కట్టించిన నాలుగు కప్పుల బజారు అది. అక్కడ బొఖారా పట్టు, కాశ్మీరు శాలువాలు, హిందూస్తాన్ గుడ్డలు పక్కపక్కనే అమ్మేవారు. వడ్డీ వ్యాపారం చాలావరకు షికార్‌పూర్ హిందువుల చేతుల్లో ఉండేది. వాళ్ళు రాసిన హుండీ మధ్య ఆసియాలోనూ చెల్లేది, హిందూస్తాన్‌లోనూ చెల్లేది. ఇక పొవిందాలు. చలికాలం రాగానే గుడారాలు పీకి, ఒంటెల మీద బాదం, కిస్‌మిస్, ఇంగువ వేసుకుని గోమల్ కనుమ దిగి హిందూస్తాన్ వచ్చి, వేసవికి మళ్ళీ కొండలెక్కే సంచార వర్తకులు. గుర్రాల బేరగాళ్ళు ఇంకా దూరం, దక్కను దాకా వచ్చేవారు. మన పులిహోర పోపులో పడే ఇంగువ ఆ దారినే వచ్చేది. ఇప్పటికీ మన దేశానికి కావలసిన ఇంగువలో ఎక్కువ భాగం ఆ నేల నుంచే వస్తుంది.

ఇప్పుడు ఆ ఊరి మీద ఒక పెద్ద దండు వచ్చి కూర్చుంది. దండుకు గోధుమలు కావాలి, మాంసం కావాలి, గడ్డి కావాలి, కట్టెలు కావాలి. దాని దగ్గర వెండి రూపాయలు దండిగా ఉన్నాయి. ధాన్యం ధర ఆకాశానికి పోయింది. తోట ఉన్నవాడూ, ధాన్యం దాచుకున్నవాడూ బాగుపడ్డారు. రోజు కూలీకి రొట్టె అందకుండా పోయింది. దండయాత్ర అనగానే మనకు ఫిరంగులు గుర్తొస్తాయి. ఇక్కడ మొదటి దెబ్బ తగిలింది రొట్టెల పొయ్యి మీద. రెండో దెబ్బ సర్దార్ల కొలువు మీద. అమీరు పిలిస్తే ఇన్ని గుర్రాలతో రావాలన్న ఒప్పందం మీద తెగల పెద్దలకు భూములూ భత్యాలూ ఉండేవి. కంపెనీ ప్రతినిధి మెక్‌నాటెన్ ఆ పద్ధతి తీసేసి, తన అధికారుల కింద జీతానికి కొత్త గుర్రపు దళాలు పెట్టాడు. పెద్దకు రాబడి తగ్గింది, ఆ పెద్దను నమ్ముకున్న గుర్రపు రౌతుకు కొలువు పోయింది. మూడో దెబ్బ పరువు మీద. కొందరు అధికారులు కాబూల్ ఇళ్ళలోని ఆడవాళ్ళ విషయంలో నడుచుకున్న తీరు ఊరంతా తెలుసు. గద్దె మీద షా షుజా ఉన్నా ఫిర్యాదు చెప్పుకోవడానికి రాజు లేడు, ఎందుకంటే రాజు మాట రాజుదే కాదు.

ఈ కోపం పగలడానికి ఇంకా రెండేళ్ళు పట్టింది. ఈలోగా మనం కర్నూలు రావాలి.

కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్. 1823 నుంచి గద్దె మీద ఉన్నాడు. మంచి పాలకుడని చెప్పలేను. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీయాత్రకు పోతూ ఈయన సీమ దాటాడు. కందనూరి (అంటే కర్నూలు) నవాబు శ్రీశైలం యాత్రికుల దగ్గర పన్ను గుంజుకుంటాడనీ గుడి బాగోగులు పట్టించుకోడనీ బాధపడుతూ రాశాడు. రైతుల మాట చెప్పనే అక్కర్లేదు. అయినా ఈ నవాబు పడిపోయింది చెడ్డ పాలన వల్ల కాదు, దాన్ని కంపెనీ పదహారేళ్ళు చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆయనను పడగొట్టింది కోటలో ఆయన చేయించిన ఫిరంగులు, వాటి మీద పడిన కాబూల్ నీడ.

హైదరాబాదులో రెసిడెంటు ఫ్రేజర్ 1839 జూన్‌లో ముబారిజుద్దౌలాను నిర్బంధించేలా నిజాంను ఒప్పించాడు. నిజాం తమ్ముడు గోల్కొండ కోటలో బందీ అయ్యాడు. విచారణలో తేలిన పేర్లలో కర్నూలు నవాబుది ఒకటి, మన నెల్లూరు జిల్లాలోనే ఉదయగిరి జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్‌ది ఒకటి. ఉదయగిరి కోట గజపతులదీ, తరువాత కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలిచినదీ. ఆర్కాటు నవాబుల కాలంలో అది జాగీరైంది. జాగీరు పోయింది, జాగీర్దారును చెంగల్పట్టుకు పంపి పింఛను మీద ఉంచారు. కుట్రలో ఆయన పాత్ర ఎంతో నిరూపించే గట్టి సాక్ష్యం నాకు ఎక్కడా కనబడలేదు. అనుమానం చాలినంత ఉంది, కాలం అలాంటిది.

కర్నూలు మీదికి మాత్రం దండునే పంపారు. కంపెనీ కమిషనర్లు వచ్చి కోట చూపించమంటే నవాబు ముందు కాదన్నాడు, తరువాత ఒప్పుకున్నాడు. కోటలో మామూలు ఆయుధాలే కనిపించాయి. వెతగ్గా వెతగ్గా జనానా తోటలోనూ మహలు మరుగు చోట్లలోనూ బయటపడింది అసలు సంగతి. ఫిరంగులు పోతపోసే కొలిములు, వరసగా ఫిరంగులు, గుళ్ళు, మందుగుండు. లక్ష రూపాయల పేష్కష్ కట్టే ఒక చిన్న నవాబుకు అవన్నీ ఎందుకు? ఎవరి మీద ప్రయోగించాలని? దీనికి నవాబు ఇచ్చిన జవాబులు ఎవరికీ నచ్చలేదు. ఫిరంగుల మీద ఆయనకున్న పిచ్చే తప్ప కుట్ర లేదనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నేనూ ఆ వైపే మొగ్గుతాను. పోతపోసిన ఫిరంగుల్లో చాలావాటికి బండ్లు కూడా లేవు. యుద్ధానికి దిగేవాడు బండ్లు లేని ఫిరంగులు పెట్టుకుని కూర్చోడు.

కానీ 1839లో ఈ తర్కం వినే ఓపిక ఎవరికీ లేదు. బెంగాల్, బొంబాయి దండ్లు అఫ్గానిస్తాన్‌లో ఉన్నాయి. దక్షిణాన మిగిలింది మద్రాసు సైన్యం ఒక్కటే. పర్షియా, రష్యా సేనలు వస్తున్నాయని ఊళ్ళలో వదంతులు. అదే సమయాన కర్నూలు గద్దె మీద ఉన్నవాడు వంశం చేత అఫ్గాన్. ఆయన పూర్వులు బిజాపూర్ సుల్తానుల కొలువులో, ఆ తరువాత ఔరంగజేబు కొలువులో పనిచేసినవాళ్ళు. 1839 నాటికి వాళ్ళు అఫ్గాన్ నేల వదిలి తరాలు గడిచాయి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, దర్బారులో పార్సీ, లెక్కలు తెలుగు కరణాలవి. దోస్త్ మహమ్మద్ పడిపోతే వాళ్ళకు ఒరిగేదీ లేదు, గెలిస్తే వచ్చేదీ లేదు. అయినా దూరాన కాబూల్‌లో యుద్ధం నడుస్తున్నందుకు ఇక్కడ పఠాన్ అన్న పేరే నేరానికి సగం రుజువైపోయింది. ఈ ధారావాహిక రాస్తున్నంతసేపూ నన్ను బాధపెడుతున్నది ఇదే. యుద్ధం ఒక దేశం మీద జరుగుతుంది, దాని అనుమానం ఆ దేశం ఎన్నడూ చూడనివాళ్ళ గుమ్మం తడుతుంది.

కోట కంపెనీ చేతికి పోయాక నవాబు జోహరాపురంలో తన అరబ్, రోహిల్లా, పఠాన్ బంట్ల మధ్య ఉండిపోయాడు. జోహరాపురం ఇప్పుడు కర్నూలు నగరంలోనే కలిసిపోయింది. ఆ బంట్లు నవాబును కదలనివ్వలేదు. మా జీతం బకాయిలు ఇచ్చాకే ఎక్కడికైనా పొమ్మన్నారు. వాళ్ళ వైపు నుంచి చూస్తే ఆ మాటలో అన్యాయం లేదు. యజమాని పోతే రేపటి నుంచి వాళ్ళకు కూడు పెట్టేవాడు లేడు. కంపెనీ రాజ్యంలో కత్తి పట్టి బతికే వాడికి చోటు లేదని వాళ్ళకు బాగా తెలుసు. 1839 అక్టోబరు 18న లెఫ్టినెంట్ కల్నల్ డైస్ దండు వాళ్ళ మీద పడింది. దానిలో ముందు నిలిచినవాళ్ళలో 34వ మద్రాసు రెజిమెంటు ఉంది, దాని రెండో పేరు చికాకోల్ లైట్ ఇన్‌ఫంట్రీ. చికాకోల్ అంటే మన శ్రీకాకుళం. బంట్లు లొంగలేదు, దగ్గరికి వచ్చి కత్తులతో పోరాడి చచ్చారు. కంపెనీ వైపూ అధికారులు పోయారు. మిగిలిన అరబ్బులనూ రోహిల్లాలనూ ఆయుధాలు లాక్కుని సీమ దాటించారు.

గులాం రసూల్ ఖాన్‌ను తిరుచిరాపల్లికి తీసుకుపోయి నిర్బంధంలో ఉంచారు. 1840లో అక్కడే ఒకడు ఆయనను కత్తితో పొడిచి చంపాడు. నవాబు క్రైస్తవం వైపు మొగ్గాడన్న అనుమానమే అందుకు కారణమని చెబుతారు. ఒక అనుమానం గద్దె తీసింది, ఇంకో అనుమానం ప్రాణం తీసింది. కర్నూలు 1858లో కలెక్టరు జిల్లా అయ్యేదాకా కమిషనరు కింద నడిచింది. నవాబు కుటుంబానికీ ఆశ్రితులకూ పింఛన్లు కట్టారు.

ఇక కాబూల్‌కు. 1841 నాటికి ఈ యుద్ధం ఖర్చు కలకత్తాను కుంగదీసింది. పొదుపు చేయమని ఆజ్ఞ వచ్చింది. మెక్‌నాటెన్ ఎక్కడ కోత పెట్టాడో చూడండి. కాబూల్, జలాలాబాద్ మధ్య కనుమలను కాపలా కాసే తూర్పు గిల్జాయీ తెగలకు ఏటా ఇచ్చే 80,000 రూపాయల్లో సగం తగ్గించాడు. ఆ కనుమల్లో ఇంకేమీ పండదు. దారి కాపలా మీద వచ్చే ఆ డబ్బే వాళ్ళ పంట. అక్టోబరులో గిల్జాయీలు కనుమలు మూశారు. నవంబరు 2న కాబూల్‌లో జనం కంపెనీ అధికారి అలెగ్జాండర్ బర్న్స్ ఇంటి మీద పడి అతన్ని చంపారు. డిసెంబరు 23న మెక్‌నాటెన్‌నూ చంపారు. అతని మొండేన్ని చార్ చత్తా బజారులో వేలాడదీశారు. 1842 జనవరి 6న దండు కాబూల్ వదిలి మంచులో నడక మొదలుపెట్టింది. 4,500 మంది సైనికులు, 12,000 మంది వెంటనడిచే జనం. వారం తరువాత, జనవరి 13న, జలాలాబాద్ కోట గోడ మీది కాపలావాళ్ళకు కనిపించింది డాక్టర్ బ్రైడన్ అనే ఒక్క తెల్లవాడు. బ్రిటిష్ పుస్తకాల్లో ఆయన చిత్రమే మిగిలింది. మంచులో కాళ్ళూ వేళ్ళూ పోగొట్టుకుని కాబూల్ వీధుల్లో బిచ్చమెత్తుకున్న హిందూస్తానీ సిపాయిలకు, బానిసలుగా అమ్ముడుపోయిన వాళ్ళ భార్యాపిల్లలకు చిత్రాలు లేవు.

ఆ ఏడాది శరత్తులో పగ తీర్చుకోవడానికి కంపెనీ మళ్ళీ కాబూల్ వచ్చింది. సెప్టెంబరులో ఇస్తాలిఫ్‌ను దోచి తగలబెట్టారు. తోటల ఊరు, కుండల ఊరు. అక్టోబరులో ఇంజినీర్లు చార్ చత్తా బజారును మందుగుండు పెట్టి పేల్చారు. మెక్‌నాటెన్ శవం అక్కడ వేలాడింది కాబట్టి ఆ బజారు శిక్ష అనుభవించాలట. శవాన్ని వేలాడదీసినవాళ్ళు అప్పటికే కొండల్లోకి పోయారు. శిక్ష అనుభవించింది దుకాణదార్లు. బజారు పేలుడు చూసి అదుపు తప్పిన సైనికులూ వెంటవచ్చిన జనమూ నగరంలోకి పడి దోచుకున్నారు. హిందూస్తాన్ సేన వచ్చిందని ధైర్యంతో కాబూల్‌లో ఉండిపోయిన హిందూ వర్తకుల ఇళ్ళూ మిగల్లేదు. రెండు వందల ఏళ్ళ బజారు రెండు రోజుల్లో పోయింది. హుండీ రాసేవాడు పోతే దాన్ని నమ్మే మధ్య ఆసియా బేరగాడూ పోతాడు. కాబూల్ ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి చాలాకాలం పట్టింది. ఆ యుద్ధం ఖర్చంతా హిందూస్తాన్ ఖజానాకే రాశారు. పదేళ్ళ కిందటి నందన కరువుతో కుదేలైన నెల్లూరు రైతు కట్టిన శిస్తూ ఆ ఖజానాలోదే.

ఇన్నీ అయ్యాక కంపెనీ చేసిన పని ఏమిటి? షా షుజా 1842 ఏప్రిల్‌లోనే హత్యకు గురయ్యాడు. బందీగా ముస్సోరీలో ఉంచిన దోస్త్ మహమ్మద్‌ను విడుదల చేసి కాబూల్ పంపించారు. ఏ మనిషిని దించడానికి ఇంత రక్తం పారిందో ఆ మనిషే 1843లో మళ్ళీ గద్దె ఎక్కి, 1863లో చనిపోయేదాకా ఏలాడు. అంటే కాబూల్ విషయంలో తమ లెక్క తప్పిందని కంపెనీ ఒప్పుకున్నట్టే. ఆ తప్పు లెక్క మీదనే తీర్పు చెప్పిన దక్షిణాది కేసులను మాత్రం ఎవరూ తిరగదోడలేదు. కర్నూలు గద్దె తిరిగి రాలేదు. ఉదయగిరి జాగీరు తిరిగి రాలేదు. ముబారిజుద్దౌలా గోల్కొండ కోటలోనే పదిహేనేళ్ళు గడిపి 1854లో అక్కడే కన్నుమూశాడు.

ఈ వ్యాసాలు చదువుతున్న కొందరు, పాత నవాబుల కథలు ఇప్పుడెందుకని అడిగారు. 2021 ఆగస్టు 15న తాలిబాన్లు కాబూల్‌లోకి వచ్చిన రోజున ఉస్మానియాలో, ఇఫ్లూలో, విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీలో చదువుతున్న అఫ్గాన్ విద్యార్థులు ఫోన్లు పట్టుకుని ఇంటివాళ్ళ కోసం వెతుక్కున్నారు. మరుసటి ఏడాది డిసెంబరులో అక్కడ ఆడపిల్లలకు యూనివర్సిటీ తలుపులు మూశారు. పరీక్షలు రాసి డిగ్రీ చేతపట్టుకున్న అమ్మాయికి, ఆ డిగ్రీతో తిరిగిపోవడానికి తన ఊళ్ళో చోటు లేకుండా పోయింది. ఆ పిల్లలను చూసి భయపడవలసిన పని మనకు లేదు. వాళ్ళకు అద్దెకు ఇల్లిచ్చే ముందు రెండుసార్లు ఆలోచించే ఇంటి యజమానులున్న ఊళ్ళలో 1839 కథ చెప్పుకోవాలని నాకనిపించింది.

సీమ దాటించిన రోహిల్లాలు ఎక్కడికి పోయారన్నది ఇంకా మిగిలే ఉంది. చాలామంది నిజాం రాజ్యం చేరారు. అక్కడ జమీందార్ల దగ్గర కాపలా, రైతుల దగ్గర వడ్డీ వసూళ్ళు, గ్రామాల మీద దాడులు. 1857 జూలైలో హైదరాబాదు రెసిడెన్సీ మీదికి దూకిన గుంపుకు నాయకుడు తుర్రేబాజ్ ఖాన్ అనే రోహిల్లా. అతని దగ్గర నుంచి వచ్చే భాగం.